గోడెక్కిన గరుకు టైల్స్

ఆ గురువారం పొద్దున భాస్కరయ్య అనుకున్నది చిన్న పనే. ఆళ్లగడ్డలో తన బట్టల అంగడి తెరిచేలోగా మేస్త్రీ సామ్యేలుకు టైల్స్ అప్పగించాలి. ఆదివారం అక్క కమలాక్షమ్మ కోయిలకుంట్ల నుంచి వచ్చేసరికి స్నానాలగది ఆరిపోయి ఉండాలి.

పోయినేడు ఆ గదిలోనే నున్నటి బేతంచెర్ల బండ మీద జారిపడి, "నీ గడప తొక్కితే ఒట్టు" అని వెళ్లిపోయింది కమలాక్షమ్మ. తల్లిలేని తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి! ఆమె మాటలు మానేసినప్పటి నుంచి భాస్కరయ్యకు ముద్ద దిగడం లేదు. బతిమాలగా బతిమాలగా, మహానందికి పోతూ ఒక్క పూట దిగుతానంది.

అందుకే నంద్యాలకు పోయి, జారకుండా నేలకు గరుకు టైల్స్, గోడలకు మెరిసేవి ఏరి తెచ్చాడు. రాత్రంతా తొట్టిలో నానబెట్టించాడు. సామ్యేలు ఇంకా రాకపోయేసరికి, అంగడికి పోతూ భార్య గౌరమ్మతో, "రెండు రకాలూ కలపొద్దని సామ్యేలుకు చెప్పు" అన్నాడు. ఏది ఎక్కడో చెప్పలేదు. అదీ చెప్పాల్సిన సంగతేనా అనుకున్నాడు.

సామ్యేలు బుద్ధెరిగినప్పటి నుంచి బండలు పరిచినవాడు. ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా పాలిష్ బండ నేలకు, గరుకు రాయి గోడకు. టైల్స్‌నూ అదే వరసలో ముచ్చటగా వేసి, సిమెంటు ఆరేదాకా ఎవరూ పోకుండా తలుపుకు తాడు కట్టి వెళ్లాడు.

ఆదివారం తాడు విప్పిన భాస్కరయ్యకు నేలలో తన ముఖమే కనిపించింది.

"ఏందే ఇది? గోడ మీద ఎవురు నడుస్తారు?"

"మనూళ్లో గరుకు రాయి నేలకు ఎవురు పరుస్తారు?" అంది గౌరమ్మ.

సామ్యేలును పిలుద్దామంటే చర్చికి పోయాడు. అంతలో వీధిలో ఆటో ఆగింది. భాస్కరయ్య ఉరికిపోయి, సామ్యేలు మిగిల్చిన ఇసుక గంపెడు ఎత్తుకొచ్చాడు. గబగబా దాన్ని నేలంతా చల్లాడు. ఇసుక కాలికింద దొర్లింది. దానిమీద గోనెసంచి పరిచాడు. అది కదలకుండా ఉంటుందని బిందెడు నీళ్లు కుమ్మరించి, సరిగ్గా ఉందో లేదోనని తానే ఎక్కి చూశాడు. సంచి ఆయన్ని తీసుకుపోయి గోడ మూలన దించింది.

"ఓయమ్మో!"

ఆ కేక విని కమలాక్షమ్మ ఉరికొచ్చింది.

"లోపలికి రావద్దు వదినా, జారుతాది!" అంది గౌరమ్మ.

కమలాక్షమ్మ వినలేదు. గరుకు గోడను రెండు చేతులా పట్టుకుని, ఒక్కో అడుగే వేస్తూ పోయి తమ్ముణ్ణి లేపింది. మడమ అప్పటికే బూరెలా పొంగింది.

"నేల సంగతేమో గానీ, గోడ మాత్రం మంచి పట్టుగా ఉందిరా" అంది.

"నీకోసమే అక్కా ఇదంతా" అన్నాడు భాస్కరయ్య. ఏడుపొచ్చేసింది.

కమలాక్షమ్మ కళ్లు తుడుచుకుని, ఆటోలో తెచ్చుకున్న తన బట్టల సంచీ లోపల పెట్టమంది. "మహానందీశ్వరుడు యాడికీ పోడులే. వీడు సక్కగా నడిచేదాకా నేను ఈడనే ఉంటా."

వాపు వారానికే దిగిపోయింది. భాస్కరయ్య మాత్రం దసరా దాకా కుంటుతూనే ఉన్నాడు.