ఆషాఢం ధరకే గుర్రం

ఆ పొద్దున చందర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. జహీరాబాద్‌లో షేర్ ఆటో ఎక్కి న్యాల్‌కల్ దగ్గరి పల్లెకు వెళ్లాలి, చెన్నబసప్ప దగ్గరున్న తెల్ల గుర్రాన్ని కొనాలి, అన్నం వేళకు ఇల్లు చేరాలి. పెళ్లి బరాత్‌లకు గుర్రాన్ని కిరాయికి తిప్పడమే అతని బతుకుదెరువు. ఉన్న ఒక్క గుర్రమూ కుంటిదైంది. శ్రావణం పెళ్లిళ్లలోగా ఇంకోటి దొరక్కపోతే పొయ్యిలో పిల్లి లేవదు.

కొనాలంటే ఆషాఢంలోనే కొనాలి. ముహూర్తాలు లేని నెలలో గుర్రం ఊరికే నిలబడి శనగలు తింటుంది. అది నమిలినప్పుడల్లా యజమాని ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే నలభై వేలకు ఇచ్చేస్తాడు. శ్రావణం రాగానే అదే గుర్రం, అవే నాలుగు కాళ్లు, డెబ్బై వేలు.

చిక్కల్లా ఒకటే. చెన్నబసప్ప ఇల్లు చందర్ అత్తగారింటికి ఆనుకునే ఉంది. కొత్త అల్లుడు ఆషాఢంలో అత్త కంట పడకూడదు. ఆ పట్టింపుతోనే అతని భార్య పూజితను పుట్టింటికి పంపారు.

"మీ అత్త కండ్లల్ల పడ్డవో, ఇజ్జత్ పోతది కొడుకా," అంది తల్లి నారమ్మ.

"మొగానికి రుమాల్ చుట్టుకుంట. ఫికర్ జేయకు."

ఆ రుమాలే కొంప ముంచింది. గుర్రాన్ని గోడవారన కట్టేశారు. చందర్ దాని పళ్లు చూస్తుండగా, అవతల వాకిలి ఊడుస్తున్న అత్త దేవమ్మ తలెత్తింది. గోడ మీదుగా రెండు కళ్లు తప్ప ఇంకేమీ కనబడని మనిషి!

"దొంగ! దొంగ!"

ఊరు ఉరికొచ్చింది. ఎవరో రుమాలు లాగేశారు. దేవమ్మ "అయ్యో, మా అల్లుడే!" అని కొంగు మొహాన కప్పుకుని లోపలికి పరుగెత్తి తలుపేసుకుంది.

"గుర్రం కొననీకి వచ్చిన," అన్నాడు చందర్.

"ఏ గుర్రం అల్లుడా? కాళ్లకు పట్టీలున్నదా?" అందొక ముసలమ్మ. జనం విరగబడి నవ్వారు.

ఇంతలో ఫోన్ మోగింది. కబురు ఎలా చేరిందో గానీ, అవతల నారమ్మ. "మొగం దాసుకొని పెళ్లాన్ని చూడబోయినవా రా?"

"లేదమ్మా, గుర్రం..."

"గుర్రం పేరెత్తకు!"

ఇక గుర్రం కోసమే వచ్చానని నమ్మించి పరువు దక్కించుకోవాలంటే గుర్రంతోనే ఊరు దాటాలి. ఆ సంగతి చందర్ కంటే ముందు చెన్నబసప్పకు అర్థమైంది.

"డెబ్బై," అన్నాడు.

"మామా! నిన్న ఫోన్ల నలభై అంటివి గద."

"నిన్న నీకు గుర్రమొక్కటే గావాలె. ఇయ్యాల ఇజ్జత్ గూడ గావాలె."

చందర్ జేబు తడుముకున్నాడు. అంత సొమ్ము లేదు. వట్టి చేతులతో వెళ్తే శ్రావణమూ లేదు, పరువూ లేదు. అప్పుడు పూజిత వాకిట్లోకి వచ్చింది.

"గుర్రం లేదు, గిర్రం లేదు," అంది అందరికీ వినబడేలా. "నేనే ఫోన్ జేసి రమ్మన్న. ఆయన నా కోసమే వచ్చిండు. అయితే ఏంది?"

నిజం ఒప్పుకున్నట్టే అయ్యాక ఎగతాళి చేయడానికి ఊరికేమీ మిగల్లేదు. పూజిత భర్త వైపు తిరిగి కన్ను గీటింది. "ఆటో పోతది, నడువు."

చందర్‌కు కాస్త ఆలస్యంగా వెలిగింది. రుమాలు దులిపి భుజాన వేసుకుని నడక సాగించాడు. చెన్నబసప్ప గుండెలో రాయి పడింది.

"అల్లుడా, ఆగు జర! శ్రావణం దాక దీనికి శనగలెవలు పెట్టాలె? నలభైకే తోలుకపో!"

గుర్రాన్ని పట్టుకుని వస్తుంటే సందు మలుపులో పూజిత నిలబడి ఉంది. చందర్ కళ్లు చెమ్మగిల్లాయి. పదిమంది నోళ్లలో పడి ఈ పిల్ల తన బతుకుదెరువు నిలబెట్టింది.

"నీ మేలు జన్మల మరువ పూజితా. నువ్వు లేకుంటే నేను మునిగిపోతుంటి."

"అది సరే గని, ఆషాఢంల గుర్రాలు అగ్గువైతయని యాదికుండె. పెళ్లాం యాదికి రాలే?"

అతను తల దించుకున్నాడు. "ఇగ మరువ," అన్నాడు. మనసారా అన్నాడు.

ఆమె నవ్వి చేతిలోని మూట ఇచ్చింది. "జొన్నరొట్టెలు. అమ్మ ఇచ్చింది. నీ మొగం సక్కగ చూడలేదని చెప్పుమన్నది."

చందర్ గుర్రాన్ని నడిపించుకుంటూ ఊరు దాటాడు. ఊరు మాత్రం, పెళ్లాన్ని చూడడానికి నలభై వేల సాకు కొన్న అల్లుణ్ణి ఇంతవరకూ చూడలేదని తీర్మానించింది.