కదిలినవారికే వెలుతురు

మానవజాతి నిప్పు కనుక్కున్న తర్వాత వెలుతురు విషయంలో తీసుకున్న అతి గొప్ప నిర్ణయం పాఠ్యపుస్తకాల ముద్రణ సంస్థ రెండో అంతస్తు బాత్రూములో అమలైంది. అక్కడున్న మామూలు స్విచ్చిని పీకేసి, కదలికను పసిగట్టే సెన్సారు బిగించారు. మనిషి కదిలితే లైటు వెలుగుతుంది, ఎగ్జాస్ట్ ఫ్యాను తిరుగుతుంది. కదలకపోతే రెండూ ఆగిపోతాయి. వేలితో స్విచ్చి నొక్కడమనే కాయకష్టం నుంచి ఉద్యోగులకు శాశ్వత విముక్తి కలిగిందని విద్యుత్ పొదుపు అధికారిగారు ప్రారంభోత్సవంలో ప్రకటించారు. (ఆ ఉపన్యాసాన్ని అందరూ కదలకుండా శ్రద్ధగా విన్నందువల్ల మధ్యలోనే లైటు ఆరిపోయింది. దాన్ని మొదటి పొదుపుగా లెక్కలో వేసుకున్నారు.)

ఈ విముక్తికి మొట్టమొదట బలైనవారు ప్రూఫ్‌రీడరు. ఆఫీసులో ఆయన్ని అందరూ శిలగారు అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. అచ్చుకు వెళ్లబోయే కాగితాన్ని ముందు పెట్టుకుని, వాక్యం కింద చూపుడువేలు ఆనించారంటే ఇక ఆ వేలు తప్ప ఒంట్లో మరేదీ కదలదు. ముక్కు మీద ఈగ వాలినా తోలరు. ఆయన చూసిన పుస్తకంలో తప్పు పట్టుకుంటానని ఒక బడిపంతులు పంతం పట్టి, వేసవి సెలవులన్నీ పాడుచేసుకుని, చివరికి కళ్లజోడు మార్చుకున్నాడు. పిల్లల చేతికి తప్పు వెళ్లకూడదన్నది ఆయన పట్టుదల. ఆయనకున్న గర్వమంతా అదొక్కటే.

శిలగారు బాత్రూములో కూర్చోవడం కూడా అదే ఏకాగ్రతతో కూర్చుంటారు. ఆ రోజు కాసేపటికి లైటు ఆరింది. ఫ్యాను ఆగింది. కరెంటు పోయిందనుకుని, పెద్దమనిషి తరహాగా, వచ్చేదాకా ఓపిక పట్టారు. అది రాలేదు. గొళ్లెం కోసం తడుముకుంటుంటే కళ్లజోడు బకెట్లో పడింది, మోకాలు కుళాయికి కొట్టుకుంది. అప్పుడు తీరిగ్గా లైటు వెలిగింది. ఆ మోకాలితోనే కుంటుకుంటూ అధికారిగారి గదికి వెళ్లారు.

"మధ్యలో లైటు పోయిందండీ."

"లైటు పోలేదు. మీరు పోయారు," అన్నారు అధికారిగారు ఎంతో ఓపిగ్గా. "సెన్సారు లెక్క ప్రకారం ఆ సమయంలో లోపల ఎవరూ లేరు."

"నేను లోపలే ఉన్నాను కదండీ!"

"అది మీ అభిప్రాయం."

శిలగారు నొచ్చుకున్నారు గానీ వదల్లేదు. "పోనీ, ఆ ఫ్యాను సంగతి చూడండి. మనిషి బయటికి రాగానే ఆగిపోతోంది. దాంతో అసలు పనుండేదే అప్పుడు కదా!"

"మనిషే లేని గదిలో వాసన ఎవరికొస్తుందండీ?" అన్నారు అధికారిగారు. ఈ ప్రశ్నకు జవాబు తర్వాత వెళ్లినవాళ్లందరికీ తెలుసు. కానీ వాళ్లు ముక్కు మూసుకుని ఉండడం వల్ల చెప్పలేకపోయారు.

ఫిర్యాదును మాత్రం తేలిగ్గా తీసుకోలేదు. యంత్రం మంచిదేనని, మనుషులే సరిగ్గా లేరని తేల్చి, తలుపు మీద నిబంధనలు అంటించారు. కూర్చున్నవారు అప్పుడప్పుడూ కుడిచేతిని తలపైకెత్తి ఊపాలి. కుడిచేతిలో ఫోను ఉన్నవారు ఎడమచేతిని ఊపవచ్చు. భుజం నొప్పి ఉన్నవారు డాక్టరు దగ్గర కాగితం తెచ్చుకుంటే, తమ తరఫున చెయ్యూపడానికి దగ్గరి బంధువునొకరిని వెంటబెట్టుకుని వెళ్లవచ్చు. (స్నేహితులు పనికిరారు. రక్తసంబంధం తప్పనిసరి.)

అంతటితో ఆగినా బాగుండేది. బాత్రూములో కరెంటు బ్రహ్మాండంగా మిగిలిందని పైవాళ్లు మెచ్చుకున్నారు. మెచ్చుకోలు తలకెక్కిన అధికారిగారు, బాత్రూములో లేని మనిషి బల్ల దగ్గర మాత్రం ఎలా ఉంటాడన్న లోతైన ఆలోచనలో పడ్డారు. పడి లేచేసరికి ప్రతి బల్ల పైనా ఒక సెన్సారు వేలాడుతోంది. కదిలితే దీపం, దీపం వెలిగితే హాజరు. అధికారుల గదులకు మాత్రం పాత స్విచ్చిలే ఉంచారు. వాళ్లు ఎప్పుడూ ఆలోచనలో ఉంటారు కాబట్టి కదిలే తీరిక ఉండదట.

పక్కబల్ల ఆయన పొద్దస్తమానం కాళ్లూపుతూ కూర్చుంటాడు. కాగితం మాత్రం తిప్పడు. ఆయనకు నిండు హాజరు వచ్చింది. ఒళ్లు మరచి పనిచేసిన శిలగారు నెల పొడుగునా గైర్హాజరు.

"మీ కుర్చీ ఖాళీగా ఉంటోందని రిపోర్టొచ్చింది," అన్నారు అధికారిగారు, ఆ కుర్చీలో కూర్చున్న శిలగారితోనే. "వచ్చే నెల కూడా ఇలాగే ఉంటే కుర్చీ తీసేయక తప్పదు. నేనేం చెయ్యను చెప్పండి?"

ఇల్లు గడిచేది ఆ కుర్చీ మీదే. శిలగారు భయపడ్డారు. భయపడి, ఆ వయసులో చెయ్యూపడం నేర్చుకున్నారు. ఒక వాక్యం చదవడం, వేలు తీసి గాల్లో ఊపడం, మళ్లీ వాక్యం మీద పెట్టడం. కొన్నాళ్లకు చెయ్యి ఆయన్ని అడగడం మానేసి తనంతట తనే లేవసాగింది.

ఒకరోజు అన్నం తింటూ ముద్దతో సహా చెయ్యి పైకెత్తి ఊపారు. మెతుకులు వెళ్లి భార్య పళ్లెంలో పడ్డాయి.

"ఎవరికండీ టాటా చెబుతున్నారు? ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నేగా!" అందావిడ.

"లైటు..." అన్నారు శిలగారు.

"పట్టపగలు లైటేమిటి, నా ఖర్మ! ముందా చెయ్యి దించండి."

దించారు. అది కాసేపటికి మళ్లీ లేచింది. ఆవిడ నవ్వబోయి, ఆయన మొహం చూసి ఊరుకుంది.

నెల తిరిగేసరికి శిలగారికి నిండు హాజరు వచ్చింది. ఆదర్శ ఉద్యోగి సన్మానం కూడా జరిగింది. శాలువా కప్పి, ఆయనే ప్రూఫులు చూసిన మూడో తరగతి సైన్సు పుస్తకం చేతిలో పెట్టారు. అప్పటికే అది బళ్లన్నిటికీ చేరిపోయింది. చప్పట్ల మధ్య ఆయన అలవాటుకొద్దీ పుస్తకం తెరిచారు. ప్రాణులు, నిర్జీవాల పాఠం వచ్చింది. పక్కనే చెట్టు బొమ్మ. చెట్టు ఉన్నచోటు నుంచి కదలదు, అయినా దానికి ప్రాణముంటుంది, కాబట్టి కదలనివన్నీ నిర్జీవాలు కావు అని రచయిత రాసిచ్చాడు. అచ్చులో చివరనున్న 'కావు' అన్న మాట ఎగిరిపోయింది. సరిగ్గా ఆ మాట దగ్గరే చెయ్యూపి ఉంటారు. దిగిన వేలు కింది వాక్యం మీద పడి ఉంటుంది. పిల్లల చేతికి తప్పు వెళ్లింది, అదీ తన చేతి మీదుగా.

శాలువాతోనే అధికారిగారి గదికి పరుగెత్తారు.

"ఘోరం జరిగిపోయిందండీ. తప్పు నాదే. పుస్తకాలు వెనక్కి తెప్పించండి," అంటూ ఆ వాక్యం చూపించారు.

పాత స్విచ్చి ప్రసాదించిన నిలకడైన వెలుతురులో అధికారిగారు కదలకుండా కూర్చుని, ఆ వాక్యాన్ని తీరిగ్గా పైకే చదివారు.

"కదలనివన్నీ నిర్జీవాలు. బాగుందే! ఇందులో తప్పేముంది?"

శిలగారు నోరు తెరిచారు. మాటకన్నా ముందు చెయ్యి పైకి లేచి ఊగింది. అధికారిగారు మర్యాదగా తనూ చెయ్యూపి, "సరే, వెళ్లిరండి," అన్నారు.

ఆ వాక్యం ఆయనకు అంతగా నచ్చింది మరి. వారం తిరక్కుండానే పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి బాత్రూము తలుపుకు అంటించారు. కింద, ఆధారం: మూడో తరగతి సైన్సు పుస్తకం. అందులో తప్పులేమీ లేవని సంతకం చేసిచ్చింది శిలగారే.