తుక్కులో వెయ్యాల్సిన టోకెన్ మిషన్

ఆ గురువారం పొద్దున ఆల్గోట్ పెట్టుకున్న కార్యక్రమం చాలా సాదాసీదాది. బడ్డీ కొట్టు కడగాలి, పెనం తోమాలి, పనికిరాని సామాను బయట పెట్టాలి, మూడింటికి మునిసిపాలిటీ నుంచి ఫోల్కె వస్తే తాళంచెవి అతని చేతిలో పెట్టి ఇంటికెళ్లి కాళ్లు చాపుకుని కూర్చోవాలి. హొల్మ్‌బ్రో చౌరస్తాలో వాళ్ల నాన్న పెట్టిన కొట్టు అది. పల్చని రొట్టెలో బంగాళదుంప గుజ్జు, సాసేజ్, పైన రొయ్యల సలాడ్ వేసి చుట్టి ఇచ్చేవాళ్లు. మూసేస్తున్నందుకు తనకేం బాధ లేదని ఆల్గోట్ ఊరందరికీ చెప్పాడు. ఎవరూ అడక్కుండానే చెప్పాడు కాబట్టి ఎవరూ నమ్మలేదు.

కొట్టుకి సరిగ్గా ఎదురుగా ఆ రోజే బర్గర్‌బోర్గ్, అంటే బర్గర్ కోట అనే హోటల్, తెరుస్తున్నారు. లోపల మనుషులకి బదులు తెరలుంటాయి, వేలితో నొక్కితే చాలు. ప్రారంభం రోజున వచ్చిన ప్రతివాళ్లకీ ఒక బర్గర్ ఉచితం. ఈ సంగతులన్నీ మూడు నెలలుగా ఊరి పేపర్లో వస్తూనే ఉన్నాయి. వాటిని వెక్కిరించే పని ఆల్గోట్ చెల్లెలు గున్వోర్‌ది. శుక్రవారం శుక్రవారం 'బుట్టలో సంగతులు' అని ఆవిడ రాసే శీర్షిక కోసమే పేపరు కొనేవాళ్లు ఊళ్లో ఉన్నారు. ఒక కంపెనీ బిస్కెట్ ప్యాకెట్లో రెండు బిస్కెట్లు తగ్గించి పర్యావరణాన్ని కాపాడామని ప్రకటించినప్పుడు, మిగతావి కూడా తీసేస్తే భూమి ఇంకా బాగుపడుతుందని రాసింది. ఒక పెద్ద సరుకుల దుకాణం బిల్లు కట్టే కౌంటర్లలో మనుషుల్ని తీసేసి, మనుషులు లేకుండా బిల్లు ఎలా కట్టాలో చెప్పడానికి నలుగురు మనుషుల్ని పెట్టినప్పుడు, వాళ్ల జీతాల గురించి రాసింది. బర్గర్‌బోర్గ్ మీద రాసింది ఇంకా చిన్నది. "మాంసం లేని బర్గర్ వచ్చింది, మనిషి లేని కౌంటర్ వచ్చింది. ఇక తినేవాళ్లను కూడా తీసేస్తే కంపెనీకి ఏ ఇబ్బందీ ఉండదు."

ఇన్ని మాటలు నేర్చిన మనిషి కొట్టు ఉంచుకోమని అన్నని మాత్రం ఒప్పించలేకపోయింది. బేరాలు లేని ఒక దిక్కుమాలిన సాయంత్రం ఆల్గోట్ కోపంతో స్థలం వదిలేస్తానని మునిసిపాలిటీకి చెప్పేశాడు. మర్నాటికే మనసు మారింది. కానీ చెప్పిన మాట వెనక్కి తీసుకోవడం వాళ్ల వంశంలో లేదు. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు లోపల తాళంచెవి ఇవ్వకపోతే అద్దె ఇంకో ఏడాది దానంతటదే సాగుతుంది. ఆ సంగతి గున్వోర్ గుర్తుచేస్తే, ఇస్తానని చెప్పాక ఇవ్వకుండా ఎలా ఉంటానని కసురుకున్నాడు. మొండితనంలో ఆయన్ని మించినవాడు ఆ జిల్లాలో లేడు, చెల్లెల్ని మినహాయిస్తే.

తొమ్మిదిన్నరకి ఆల్గోట్ పనికిరాని సామానులో మొదటి వస్తువు బయట పెట్టాడు. అది ఇనప కాళ్ల మీద నిలబడే ఎర్రటి టోకెన్ మిషన్. శనివారం డాన్సులయ్యాక జనం ఎగబడే రోజుల్లో వాళ్ల నాన్న కొన్నది. చాలా ఏళ్లుగా మూల పడి ఉంది. దాన్ని తుక్కు బండివాడికి కనబడేలా కాలిబాట మీద నిలబెట్టి, లోపలికెళ్లి, కిటికీ తలుపు దించుకుని, రేడియో పెట్టుకుని పెనం తోమడం మొదలుపెట్టాడు.

అసలు పొరపాటు అక్కడే జరిగింది. మా ఊళ్లో మనిషి దేన్నైనా అనుమానిస్తాడు గానీ టోకెన్ మిషన్‌ని అనుమానించడు. మందుల షాపులో, బ్యాంకులో, చీజ్ కౌంటర్ దగ్గర చిన్నప్పటి నుంచీ చీటీలు లాగిన చెయ్యి, మిషన్ కనబడితే మనసుతో పనిలేకుండా ముందుకి పోతుంది. ఉచిత బర్గర్ కోసం అందరికంటే ముందొచ్చిన రిటైర్డ్ టీచరు ఎల్నా కాలిబాట మీద మిషన్ చూసింది, చీటీ లాగింది, ముప్పై ఎనిమిది వచ్చింది, పక్కకి వెళ్లి నిలబడింది. ఆవిడ తర్వాత వచ్చినవాళ్లు ఆవిడ చేతిలో చీటీ చూసి వాళ్లూ లాగారు. మిషన్ ఎటు తిరిగి ఉందో అటే తిరిగి నిలబడ్డారు. అది బడ్డీ కొట్టు వైపు తిరిగి ఉంది.

పది గంటలకి బర్గర్‌బోర్గ్ తలుపులు తెరుచుకున్నాయి. బుడగలు ఎగిరాయి, పాట మోగింది. చౌరస్తా నిండా జనం ఉన్నారు, అందరూ అటు వీపులు పెట్టి నిలబడ్డారు. లోపలికి ఒక్కరూ రాలేదు. కొత్త మేనేజరు మెల్కెర్ తలుపు సరిగ్గా తెరుచుకుందో లేదోనని రెండుసార్లు మూసి తెరిచి చూశాడు.

అదే సమయానికి గున్వోర్ వచ్చింది. అన్న కొట్టు ముందు వందమంది, ఎదురుగా ఖాళీగా బర్గర్ కోట. ఆవిడ కళ్లు చెమ్మగిల్లాయి. విలేకరికి అలాంటి సమయంలో కళ్లు చెమ్మగిల్లకూడదు. ఎవర్నీ ఏమీ అడక్కుండా అక్కడికక్కడే పేపరు వెబ్‌సైట్లో రెండు ముక్కలు పెట్టేసింది. "ఉచిత బర్గర్‌ని కాదని సాసేజ్ కోసం బారులు. చివరి రోజున హొల్మ్‌బ్రో తన కొట్టుని గుర్తుచేసుకుంది."

లోపల ఆల్గోట్‌కి ఇవేవీ తెలియవు. బయట సందడి విని, జనమంతా బర్గర్లకి వచ్చారనుకుని ఇంకాస్త గట్టిగా తోమాడు. తుక్కు బండికి దారి లేకుండా చేస్తున్నారేమోనని చివరికి కిటికీ తలుపు ఎత్తి, కాస్త జరగమని చెప్పబోయాడు. తలుపు లేవగానే వందమందీ చేతుల్లోని చీటీలు చూసుకున్నారు. ఎల్నా ముందుకొచ్చింది.

"ముప్పై ఎనిమిది," అంది.

ఆల్గోట్‌కి ఏం చెయ్యాలో తోచలేదు. టోకెన్ పట్టుకుని కిటికీ ముందు నిలబడ్డ మనిషిని పొమ్మనడం ఆయన పెరిగిన పద్ధతి కాదు. "సాసేజ్ ఒక్కటే ఉంది," అన్నాడు. మిగిలిన రొట్టెలు, గుజ్జు, రొయ్యలతో పాటు ఇంటికి పట్టుకెళ్దామని ఉంచుకున్న పెట్టె అది. బర్గర్లు అప్పుడే అయిపోయాయి కాబోలని ఎల్నా అనుకుంది. అడిగితే ఎదుటి మనిషి ఇబ్బంది పడతాడు, కాబట్టి అడగలేదు. డబ్బులిచ్చి సాసేజ్ తీసుకుంది. తర్వాతివాడు ఆవిడకిచ్చిందే తనకీ ఇమ్మన్నాడు. ఆ తర్వాతివాళ్లకి అనుమానించాల్సిన అవసరమే కనబడలేదు.

మెల్కెర్‌కి ఓపిక నశించి బయటికొచ్చాడు. కంపెనీ వాళ్లు నగరం నుంచి ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు, లోపల కెమెరాలో తెరలు తప్ప ఎవరూ కనబడడం లేదంటున్నారు. సాసేజ్ తింటున్న ఎల్నా దగ్గరికి వెళ్లి, శిక్షణలో నేర్పినట్టు నడుం కొంచెం వంచి, "అమ్మా, మీరు లోపలికి దయచేయండి, మీకు బర్గర్ ఉచితం," అన్నాడు. మా దేశంలో అందరూ అందరినీ నువ్వు అనే అంటారు. ఎల్నా వయసువాళ్లని మీరు అంటే తిట్టినట్టే లెక్క.

"నీకేం అన్యాయం చేశానని నన్ను మీరు అంటున్నావు?" అంది ఎల్నా.

మిగతావాళ్లని పిలిచాడు. మా వంతు రాలేదన్నారు. వంతుతో పని లేదు, నేరుగా వచ్చెయ్యండన్నాడు. ముందువాళ్లని దాటి నేరుగా వెళ్లమన్న ఆ కుర్రాడి పెంపకం గురించి ఇద్దరు ఆడవాళ్లు మెల్లగా మాట్లాడుకున్నారు. అప్పుడు మెల్కెర్‌కి ఒక ఉపాయం తట్టింది. గుమ్మంలో నిలబడి తనే నంబర్లు పిలవడం మొదలుపెట్టాడు. ఒకటి అన్నాడు, మర్యాదగా ఆగాడు. రెండు అన్నాడు, ఆగాడు. ఆ మిషన్‌లో ముప్పై ఏడు దాకా చీటీలు ఏనాడో డాన్సుకొచ్చినవాళ్లు పట్టుకెళ్లారని అతనికి తెలీదు. అతను ముప్పై ఎనిమిది చేరుకునేసరికి ఆల్గోట్ డెబ్బైలో ఉన్నాడు.

ఈలోగా గున్వోర్ రాసిన రెండు ముక్కలు స్టాక్‌హోమ్ చేరాయి. అక్కడి వ్యాపార పత్రిక దాన్ని ఎత్తుకుంది. ఆహార వ్యాపార నిపుణుడొకాయన, తెరలతో విసిగిన వినియోగదారుడు నిరీక్షణని కోరుకుంటున్నాడనీ, ఈ ధోరణిని తాను ముందే పసిగట్టాననీ అన్నాడు. మధ్యాహ్న భోజనాల వేళకి ముందే ఒక సరుకుల దుకాణాల సంస్థ తమ శాఖలన్నిటిలో టోకెన్లు పెంచుతున్నామని ప్రకటించింది. దేనికి టోకెన్లో అందులో చెప్పలేదు. పక్క ఊరి నుంచి బస్సులో జనం దిగి, దిగినవాళ్లు దిగినట్టు చీటీలు లాగారు.

ఆ బస్సు చూశాక గాని గున్వోర్‌కి అనుమానం రాలేదు. బెంచీ మీద కూర్చున్న ఎల్నాని అడిగింది.

"ఎల్నా, పొద్దున ఇక్కడెందుకు నిలబడ్డావు?"

"టోకెన్ ఉందిగా."

"దేనికి టోకెన్?"

ఎల్నా కాసేపు ఆలోచించింది. "బర్గర్‌కే అనుకున్నా," అని ఒప్పుకుంది.

కంపెనీల తప్పుడు ప్రకటనల్ని ఎండగట్టిన గున్వోర్ తనే ఒక తప్పుడు వార్త కని ఊరి మీదికి వదిలింది. వెంటనే సవరణ పెట్టింది. మిషన్ తుక్కు కోసం బయట పెట్టిందనీ, జనం పొరపాటున నిలబడ్డారనీ, తప్పు తనదేననీ దాచకుండా రాసింది. స్టాక్‌హోమ్ నిపుణుడు పావుగంటలో స్పందించాడు. తుక్కులోకి పోవాల్సిన వస్తువుని కేంద్రంగా చేసుకున్న ఈ ప్రచారం అద్భుతమనీ, ఇంత నిజాయితీ పెద్ద కంపెనీలకి చేతకాదనీ అన్నాడు. ఇంకో బస్సు వచ్చింది.

రెండున్నరకి ఆల్గోట్ సాసేజ్‌లు అయిపోయాయి. కిటికీ ముందు జనం, వెనక ఖాళీ పెట్టె. ఇంతమందిని ఉత్త చేతులతో పంపడం కంటే కొట్టు ముందే మూసెయ్యడం నయమనిపించింది. ఆ క్షణంలో వెనక తలుపు ఎవరో తట్టారు. మెల్కెర్ చేతుల్లో ట్రే, ట్రే నిండా వేడి వేడి బర్గర్ ముద్దలు, కళ్లల్లో నీళ్లొక్కటే తక్కువ.

"నా దగ్గర ఇవున్నాయి, మనుషులు లేరు. నీ దగ్గర మనుషులున్నారు," అన్నాడు. కంగారులో మీరు అనడం మర్చిపోయాడు.

ఆల్గోట్ ఒక్క క్షణం అతన్ని ఎగాదిగా చూసి, ట్రే అందుకుని, ఒక ముద్దని గుజ్జులో వేసి రొట్టెలో చుట్టాడు. అలా హొల్మ్‌బ్రో ప్రజలకి ఉచిత బర్గర్ ఎట్టకేలకి అందింది. కాకపోతే ఆల్గోట్ రొట్టెకీ రొయ్యలకీ డబ్బులు పుచ్చుకున్నాడు.

సరిగ్గా మూడింటికి ఫోల్కె వచ్చాడు. చెడ్డవాడు కాదు, నియమాల మనిషి. జనాన్ని చూశాడు, మిషన్ చూశాడు. తాళంచెవి తీసుకోవడం నిమిషం పని. కానీ ప్రభుత్వ ఉద్యోగి పదవిని అడ్డం పెట్టుకుని అందరికంటే ముందుకెళ్లడం ఎలా ఉంటుందో ఆలోచించాడు, కెమెరాతో నిలబడ్డ గున్వోర్‌ని కూడా చూశాడు. చీటీ లాగాడు. రెండు వందల పధ్నాలుగు. ఐదయ్యేసరికి ఆల్గోట్ నూట ముప్పై ఒకటి పిలిచాడు. పెనం చల్లారింది, జనం ఇళ్లదారి పట్టారు, ఫోల్కె చీటీని జాగ్రత్తగా జేబులో పెట్టుకుని రేపొస్తానని వెళ్లిపోయాడు.

అన్నాచెల్లెళ్లు ఇద్దరే మిగిలాక గున్వోర్ నిజం చెప్పేసింది. "వాళ్లు నీకోసం రాలేదన్నయ్యా. బర్గర్‌కొచ్చి పొరపాటున నిలబడ్డారు. నేనే అనవసరంగా గోల చేశాను."

"నాకు తెలుసు. ఎల్నా మొహం చూడగానే తెలిసింది," అన్నాడు ఆల్గోట్.

"మరి తెలిసీ పొద్దుట్నుంచీ..."

"ఎల్నా నాలుగింటికి మళ్లీ వచ్చింది." ఆల్గోట్ పెనం మీద గుడ్డ పరుస్తూ చెల్లెలి వైపు చూడలేదు. "బర్గర్ ఇస్తానంటే వద్దంది. సాసేజ్ రేపుంటుందా అని అడిగింది. ఉంటుందన్నా."

చెప్పిన మాట వెనక్కి తీసుకోవడం వాళ్ల వంశంలో లేదు. ఇప్పుడు ఆయన రెండు మాటలిచ్చి ఉన్నాడు. గున్వోర్‌కి చాలా సంతోషంగా ఉంది, ఆ సంతోషం దాచుకోవడానికి టోకెన్ మిషన్ లోపలికి మోసుకొచ్చింది.

మర్నాడు పొద్దున సన్నగా వాన. చౌరస్తాలో ఒక్క పురుగు లేదు. ఎదురుగా బర్గర్‌బోర్గ్ గుమ్మంలో మెల్కెర్ కొత్త టోకెన్ మిషన్ బిగిస్తున్నాడు, నిన్నటి వార్త చదివి కంపెనీవాళ్లు రాత్రికి రాత్రి పంపించారు. ఆల్గోట్ కిటికీ తలుపు ఎత్తి ఉంది, పెనం మీద కొత్త సాసేజ్‌లు వేగుతున్నాయి. ఎర్ర మిషన్ మళ్లీ కొట్టు పక్కన నిలబడి ఉంది. ఎల్నా తన సాసేజ్ తీసుకుని అప్పుడే వెళ్లింది. ఆవిడది నిన్న సాయంత్రం విసిగి వెళ్లిపోయినవాళ్లెవరో ఇచ్చిపోయిన నూట ముప్పై రెండు. పదకొండింటికి ఫోల్కె గొడుగు వేసుకుని వచ్చాడు.

"తాళంచెవి ఇచ్చేస్తే వెళ్లిపోతా," అన్నాడు.

"నీ నంబరెంత?"

ఫోల్కె చీటీ తీసి మడత విప్పాడు. "రెండు వందల పధ్నాలుగు."

"ఇప్పుడు నూట ముప్పై మూడు నడుస్తోంది," అన్నాడు ఆల్గోట్.

ఫోల్కె చుట్టూ చూశాడు. ఖాళీ చౌరస్తా, వాన, ఒక పావురం. చేతిలో చీటీ చూసుకున్నాడు. అందులో తప్పుపట్టాల్సింది ఏమీ కనబడలేదు. వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు. ఆల్గోట్ కిటికీలోంచి తల బయటపెట్టి నూట ముప్పై మూడు అని పిలిచాడు, రావాల్సినవాళ్లు రావడానికి పట్టేంతసేపు మర్యాదగా ఆగాడు, తర్వాత నూట ముప్పై నాలుగు అన్నాడు. అలా నూట డెబ్బై దాటుతుండగా చర్చి గంట పన్నెండు కొట్టింది. ఆల్గోట్ తాళంచెవిని జేబులో ఇంకాస్త లోపలికి తోసుకుని, సాసేజ్‌లు తిరగేశాడు.

ఆ వాసనకి ఫోల్కెకి బాగా ఆకలేసింది. కానీ సాసేజ్ కావాలంటే దానికి వేరే టోకెన్ తీసుకోవాలి.