అత్తగారు తోమిన చక్రం

భోజనాల వేళకల్లా పని ముగించి హాయిగా కునుకు తీయాలన్నది ఆ ఆదివారం పొద్దున అల్లుడి పథకం. రొట్టెల ఫ్యాక్టరీలో పిండి పిసికే యంత్రం ఆగిపోయింది. అందులో అరిగిన పళ్లచక్రం ఇప్పుడు బజారులో దొరకదు. దాన్ని స్కాన్ చేసి, కంప్యూటర్లో అచ్చంగా గీసి పంపితే కొత్తది తయారుచేస్తారు. అతనికి ఒంటరిగా అప్పగించిన తొలి పని అది. "సాయంత్రానికి బొమ్మ రాకపోతే, రేపు నువ్వూ రానక్కర్లేదు," అని ఆఫీసు యజమాని నవ్వుతూనే చెప్పాడు. ఆఫీసుకు సెలవు కనుక చక్రాన్నీ స్కానరునూ ఇంటికి తెచ్చుకున్నాడు.

రాపిడికి మెరిసే పళ్లు స్కానరు కంటికి ఆనవు. అందుకని చక్రం మీద తెల్లపొడి చల్లి, గుర్తుల కోసం చిన్న బిళ్లలు అంటించి, ఫోను మోగితే పక్కగదిలోకి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి బల్ల ఖాళీ. చక్రం వంటింట్లో గరిటెల మధ్య తళతళలాడుతోంది.

"అత్తయ్యగారూ!"

"ఎంత బూజు పట్టిందో చూశారా? ఆ చీటీలైతే ఒక పట్టాన ఊడలేదు సుమండీ!"

పొడి నిండుకుంది. అల్లుడు భార్య పౌడరు డబ్బా బోర్లించి స్కానింగ్ మొదలుపెట్టాడు.

"ఇనుప ముక్కకున్న భాగ్యం నాకు లేదు," అని దెప్పుతూనే, భర్త చెమటలు చూసి జాలిపడి ఆమె ఫ్యాను వేసింది. పౌడరు లేచింది. ముగ్గురూ తుమ్మారు. తెర మీద ఒక చక్రం రెండై, వాటి మధ్య భార్య ముక్కు మొలిచింది.

అతను ముఖం కడుక్కుని వచ్చేలోపు అత్తగారు చక్రాన్ని సోడా నీళ్లలో మరిగించేశారు.

"ఆడవాళ్ల పౌడరు వాసనతో ఫ్యాక్టరీకి పంపితే నలుగురూ ఏమనుకుంటారు బాబూ?"

గిన్నె అడుగున నల్లటి పెళ్ల. చక్రం నడిమి రంధ్రం అంచున, అంతకుముందు లేని చీలిక! అల్లుడి పై ప్రాణాలు పైనే పోయాయి. ఫొటో తీసి యజమానికి పంపాడు. వెంటనే ఫోను మోగింది.

"అది విరిగింది కాదయ్యా, గాడి! ఇరుసును పట్టి ఉంచేదదే. గ్రీజూ పిండీ గట్టిపడి పూడిపోయినట్టుంది. అది లేకుండా చేయించి ఉంటే ఇరుసు తిరిగేది, చక్రం తిరిగేది కాదు, మనం మాత్రం ఆ ఫ్యాక్టరీ చుట్టూ తిరిగేవాళ్లం. కడిగిందెవరో గానీ, నీ ఉద్యోగం నిలబెట్టారు!"

సాయంత్రానికి బొమ్మ వెళ్లింది. అల్లుడు అత్తగారికి చేతులు జోడించాడు.

"దానికేముంది లెండి. ఆ స్కానరు కూడా ఇలా ఇవ్వండి, సందు సందునా పౌడరే," అన్నారావిడ.

గుండె నిండా కృతజ్ఞతతో అల్లుడు స్కానరును అటకెక్కించాడు.