బాతుకు దారిచ్చిన మహనీయుడు

మా మల్కాపురం కాలనీ సంక్షేమ సంఘం తరఫున సహృదయులకు తెలియజేయునది ఏమనగా, పోర్టులో పనిచేసి రిటైరైన శ్రీ దేవీప్రసాద్ గారు న్యూజిలాండ్ వెళ్లి, అద్దె కారులో పన్నెండు రోజులు తిరిగి, ఒక్క జరిమానా కూడా కట్టకుండా క్షేమంగా వచ్చారు. ఇంతటి ఘనత మా వీధిలో ఎవరికీ లేదు కనుక గత ఆదివారం ఆయనకు సన్మానం చేశాం. కార్యదర్శిని కావడం వల్ల ఆ వైభవాన్ని రాసే భాగ్యం నాకు దక్కింది.

సన్మాన పత్రం వింటే ఎవరికైనా ఒళ్లు గగుర్పొడవాల్సిందే. నరమానవుడు లేని రోడ్డు మీద ఎర్రలైటు పడితే ఆయన ఆగారు. వెనక సీట్లో కూర్చున్న భార్య మహేశ్వరి గారికి కూడా బెల్టు పెట్టించారు. కారు తాళం చేతికి రాగానే చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించిన మాట నిజమే గానీ, ఆ తొక్కలు తానే ఏరి చెత్తబుట్టలో వేశారు. ఆ కారుకు హారన్ ఎక్కడుందో పన్నెండు రోజులూ ఆయనకు తెలియనే లేదు. అన్నిటినీ మించి, ఒక తల్లి బాతు పిల్లలతో రోడ్డు దాటుతుంటే నాలుగు నిమిషాలు కారాపి, నవ్వుతూ కూర్చున్నారు. ఫొటో కూడా ఉంది.

అధ్యక్షులు కృష్ణంరాజు గారు రాంగ్ రూటులో వచ్చి సభను సకాలంలో ప్రారంభించారు. "బాతుకు దారిచ్చినవాడు భారతమాతకు కీర్తి తెచ్చినవాడు!" అని గర్జించి శాలువా కప్పారు. షామియానాకు సగం రోడ్డు పోయింది కనుక లారీలు, ఆటోలు, ఆయిల్ ట్యాంకర్లు మిగిలిన సగంలోనే అటూ ఇటూ పరుగెత్తాయి.

ఆ పక్కనే చిట్టమ్మ చేపల గంపతో నిలబడి ఉంది. ఫిషింగ్ హార్బర్ నుంచి తెచ్చిన సరుకు రోడ్డవతల బజారుకు చేర్చాలి. గంట నుంచీ ఎవరూ ఆగలేదు. గంపలో ఐసు కరిగి ఆమె భుజం మీదుగా కారుతోంది. ఉపన్యాసం మాత్రం పూర్తిగా వింది, పాపం.

సభ ముగిసింది. దేవీప్రసాద్ గారు శాలువాతోనే కారెక్కారు. నలుగుతుందని బెల్టు పెట్టుకోలేదు. చిట్టమ్మ ధైర్యం చేసి జీబ్రా చారల మీద అడుగు పెట్టింది. హారన్ ఎక్కడుందో ఈసారి ఆయనకు వెంటనే తెలిసింది. ఆమె వెనక్కి గెంతింది, నాలుగు చేపలు రోడ్డు పాలయ్యాయి.

"ఏటి బాబూ, ఆ దేశంలో బాతుకి ఆగినావంట! నాను మనిసిని, నాకు ఆగలేవా? సేపలు మెత్తబడిపోతన్నాయి."

"అక్కడ ఆగకపోతే ఫైనేసేత్తారు సిట్టమ్మా, ఇక్కడేటి?" అని ఆయన ఓపిగ్గా వివరించి వెళ్లిపోయారు. ఆయన వెనక బండిలో హారన్ కొడుతున్నది నేనే కనుక ఈ సంభాషణ నాకు అప్పుడు వినబడలేదు, తర్వాత చిట్టమ్మే చెప్పింది.

మర్నాడు చిట్టమ్మ ఒక బాతు కాలికి తాడు కట్టి, దాన్ని ముందు నడిపిస్తూ అదే చారల మీదికి వచ్చింది. ఉన్నమాట చెప్పాలి. ఆటోలు ఆగాయి, ఆయిల్ ట్యాంకరు ఆగింది, దేవీప్రసాద్ గారి కారు కీచుమని ఆగింది. న్యూజిలాండ్‌కు మనమేం తీసిపోలేదని నా గుండె ఉప్పొంగింది.

ఆయన అద్దం దించి తల బయటపెట్టారు.

"బాతెంతకిత్తావ్ సిట్టమ్మా?"

"దాటినాక సెప్తాను బాబూ," అంటూ ఆమె నింపాదిగా నడిచింది.

బేరం ఆయనకే కుదిరిపోతుందేమోనని నేను వెనక నుంచి హారన్ కొట్టాను.