ఒక్క చుక్క పులుపు

జాతీయ నాయకుడు పదవిలోకి వచ్చిన రెండో ఏడాది, ఒక ఆదివారం ఉదయం ఆరు గంటల నుంచి దేశంలో ఉన్న పులుపునంతా ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. ఉత్తర సరిహద్దులో ఇత్తడి ఫిరంగులు కిలుం పట్టాయనీ, వాటిని తోమడానికి దేశంలోని మొత్తం పులుపు కావాలనీ రేడియోలో చెప్పారు. చింతపండుతో బిందె తోమిన ప్రతి ఇల్లాలికీ ఇందులో న్యాయం కనిపించింది. నిమ్మకాయలు, చింతచెట్లు, గోంగూర మళ్లు, పెరుగు కుండలు ఎక్కడివక్కడే ఉంటాయనీ, వాటిలోని పులుపు మాత్రమే వెళుతుందనీ కరపత్రంలో స్పష్టంగా ఉంది. దోసెల పిండి సంగతేమిటని కొందరు అడిగితే, పిండి పొంగవచ్చు గాని పులవరాదని వారం తిరక్కుండానే వివరణ ఉత్తర్వు కూడా వచ్చింది.

వెలగలపాడులో సేకరణ పండగలా జరిగింది. డిప్యూటీ పులుపు అధికారి తాతారావు డప్పుల మేళంతో వీధి వీధీ తిరిగాడు. స్టీలు క్యాను మూతకున్న గొట్టాన్ని జాడీలో పెట్టి మీట నొక్కితే, సుయ్‌మని పులుపు క్యానులోకి వెళ్లిపోయేది. పచ్చడి జాడీలోనే మిగిలేది, రంగు కూడా మారేది కాదు. ఆడవాళ్లు క్యానుకు పసుపు రాసి బొట్టు పెట్టారు. ఎవరూ చెప్పలేదు, వాళ్లకే తోచింది.

ఆ ఊళ్లో వరహాలమ్మ చింతకాయ పచ్చడికి ఓ పేరుంది. బాలింతకు తొలి ముద్దల్లో పాత చింతకాయ పచ్చడి కలిపి పెట్టడం అక్కడి ఆచారం. మూడేళ్లు ఊరి నల్లబడిన ఆ పచ్చడి ఏ వీధిలో పురుడు వచ్చినా వరహాలమ్మ జాడీ నుంచే వెళ్లేది. మెంతుల్ని అందరూ దోరగా వేయిస్తే ఆమె మాత్రం ఒక్క పిసరు మాడనిచ్చేది. పులుపు వెనకాల ఆ చిరుచేదు నాలుక మీద కాసేపు కూర్చునేది. ఆ జాడీలో గొట్టం పెట్టినప్పుడు వరహాలమ్మ కళ్లు తుడుచుకుంది. ఆ వెంటనే, పక్కింట్లో ఉండే తోడికోడలు అచ్చియ్యమ్మ తన ఆవకాయ జాడీని బియ్యం డ్రమ్ములో దాచిన సంగతి గుర్తొచ్చి తాతారావు చెవిన వేసింది. చప్పటి కూడే అయినా, ఆ మధ్యాహ్నం ఆమెకు అన్నం బాగా సయించింది.

మూడేళ్లు గడిచాయి. గుళ్లో పులిహోర బోర్డు తీసేసి పసుపన్నం అని రాశారు. ఎన్నికలు దగ్గర పడ్డాక, ఇంత జరిగినా జనం మళ్లీ ఆ నాయకుడికే ఎందుకు ఓటు వేస్తామంటున్నారో కనుక్కోవడానికి రాజధాని నుంచి ఓ పరిశోధకుడు వచ్చాడు. నలభై ఒక్క ప్రశ్నల ఫారం పట్టుకుని మొదట అచ్చియ్యమ్మ ఇంటికే వెళ్లాడు.

“మీ ఆవకాయ చప్పబడిపోయింది కదమ్మా, అయినా ఆయనకే ఎందుకేస్తారు?”

“మా అక్క చింతకాయ కూడా చప్పబడిపోయింది కదండీ,” అంది అచ్చియ్యమ్మ, నిండుగా నవ్వుతూ.

ఫారంలో ఆ జవాబుకు గడి లేదు. దగ్గర్లో ఉన్న గడి ‘దేశాభివృద్ధి’. పరిశోధకుడు అందులో టిక్కు పెట్టాడు. సాయంత్రానికి అలాంటివి రెండువందల పైచిలుకు తేలాయి.

వరహాలమ్మ మాత్రం ఆ ఫారంలో ‘వేయను’ అని రాయించింది. దానికి కారణం ఆమె కూతురు నూకరత్నం. తొలిచూలు, ఏడో నెల. పురిటికి పుట్టింటికి వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే పాట.

“అమ్మా, పుల్లగా ఏదన్నా పెట్టవే. నాలిక పీకేస్తందే.”

నిమ్మకాయ కోసిచ్చింది. నీళ్లలా ఉంది. పచ్చి మామిడికాయ ఇస్తే దోసకాయ తిన్నట్టుందని రత్నం ఏడ్చింది. కడుపుతో ఉన్నదాని కోరిక తీర్చకపోతే పుట్టే బిడ్డకు చెవుల్లో చీము కారుతుందని వెలగలపాడులో పసిపిల్లలకు కూడా తెలుసు. వరహాలమ్మ రాత్రీ పగలూ మనవడి చెవుల గురించే ఆలోచించింది. ఈసారి ఓటు అవతలి వాళ్లకేనని దేవుడి పటం ముందు ఒట్టు పెట్టుకుంది.

అవతలి పార్టీ అభ్యర్థి నెమ్మదస్తుడు. అబద్ధం ఆడటం చేతకాని మనిషి. వీధి మొగలో నిలబడి, మేం గెలిస్తే ఎవరి పులుపు వాళ్లకు ఇచ్చేస్తామన్నాడు. వరహాలమ్మ ముందుకొచ్చింది.

“ఎప్పుడిస్తారండీ? మా అమ్మాయికి ఏడో నెలండీ.”

“అది ఎక్కడ పెట్టారో ముందు వెతకాలి కదమ్మా,” అన్నాడాయన నిజాయితీగా.

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. “వెతకాలంటండీ!” అని ఎవరో కిసుక్కున నవ్వారు. “తీసుకెళ్లినోడికే కదండీ ఎక్కడెట్టేడో తెలిసేది. ఆయన్ని దింపేస్తే ఇంకెవర్ని అడుగుతాం?” అంది అచ్చియ్యమ్మ. అభ్యర్థి కరపత్రాలు పంచేసి పక్క వీధికి వెళ్లాడు. అయినా వరహాలమ్మ తన ఒట్టు మీదే ఉంది. వెతికితే దొరకనిదేముందని అనుకుంది.

పోలింగు నాలుగు రోజులుందనగా జాతీయ నాయకుడే వెలగలపాడు వచ్చాడు. అయిదో నెల దాటిన గర్భిణులకు, నర్సమ్మ ధ్రువపత్రం చూపిన మీదట, తలకు ఒక చుక్క చొప్పున ఆయన తన చేత్తో పులుపు ఇస్తారని తాతారావు ముందురోజే చాటింపు వేయించాడు. హైస్కూలు మైదానంలో ఎనభై మంది గర్భిణులు బారులు తీరారు. వాళ్లలో నలుగురు పొట్టకు దిండ్లు కట్టుకుని వచ్చారు. తాతారావు వాళ్లను కనిపెట్టి, మర్యాదగా రెండో వరసలో నిలబెట్టాడు. సన్నాయి వాయిస్తున్నారు. ఐసు బండ్లు వచ్చాయి. మైదానమంతా పెళ్లిపందిరిలా కళకళలాడింది.

నాయకుడి చేతిలో వెండి ఉద్ధరిణి ఉంది. అది చూడగానే ఆడవాళ్లందరికీ తీర్థమే గుర్తొచ్చింది. ఎడమచేతిలో కొంగు, దాని మీద కుడిచెయ్యి దొప్పలా పెట్టి చాచారు. పుచ్చుకున్నాక తడిచెయ్యి తలకు రాసుకున్నారు. వద్దని చెప్పే నిబంధన ఏదీ లేదు కాబట్టి అధికారులు ఊరుకున్నారు.

రత్నం వంతు వచ్చింది. చుక్క నాలుక మీద పడగానే ఆమె ఎడమకన్ను మూసుకుపోయింది, ఒళ్లు ఝల్లుమంది, నాలుక టక్కుమంది. తర్వాత పకపకా నవ్వింది. “అమ్మా, బిడ్డ తన్నిందే!” అని అరిచింది. మైదానమంతా చప్పట్లు. ఎరగనివాళ్లు కూడా కళ్లొత్తుకున్నారు. వరహాలమ్మకు గుండెలోని బరువు ఒక్కసారిగా దిగిపోయింది. మనవడి చెవులు గట్టెక్కాయి.

రత్నం తడిచేతిని తలకు రాసుకోబోతుంటే వరహాలమ్మ చప్పున పట్టుకుని, అరచేతిలో మిగిలిన తడిని నాలుకతో అద్దుకుంది. మూడేళ్ల తర్వాత పులుపు. దాని వెనకాల, నెమ్మదిగా, చిరుచేదు. ఒక్క పిసరు మాడిన మెంతులు.

ఆమె ఇంకోసారి అద్దుకుని చూసింది.

“ఇది నాదే,” అంది.

తాతారావు గాభరాగా ఉత్తర్వుల పుస్తకం తెరిచాడు. ఇలాంటి సందర్భానికి ఏ పేజీలోనూ ఏమీ లేదు.

“ఇది నా జాడీలోదేనండీ! నా చింతకాయదేనండీ!” వరహాలమ్మ గొంతు మైదానం చివరిదాకా వినిపించింది. “దేశంలో ఇంత పులుపుంటే నాదే ఏరి పట్టుకొచ్చేరండీ! మూడేళ్లు దాచేరండీ మారాజు!” అని, వెనక్కి తిరిగి తోడికోడలిని చూసింది. “చూసేవటే అచ్చియ్యమ్మా, నీ ఆవకాయ ఫిరంగులు తోవడానికి పోయింది. నాది బాబుగారి చేతిలో ఉంది.”

అచ్చియ్యమ్మ మొహం మాడ్చుకుంది. నాయకుడు ఉద్ధరిణిని పళ్లెంలో పెట్టి, వరహాలమ్మకు రెండు చేతులూ జోడించాడు.

“ఎవరి పులుపు వారికి చేర్చడమే నా ధ్యేయం తల్లీ,” అన్నాడు.

వరహాలమ్మ ఆనందం పట్టలేక ఏడ్చింది. ఆ రాత్రి దేవుడి పటానికి లెంపలేసుకుని, కొబ్బరికాయ కొట్టి, పాత ఒట్టు తీసి గట్టున పెట్టింది. నాలుగో రోజున సూర్యోదయానికి ముందే వెళ్లి క్యూలో మొదటి మనిషిగా ఓటు వేసింది. నాయకుడు కిందటిసారి కంటే ఎక్కువ మెజారిటీతో గెలిచాడు. పరిశోధకుడు మళ్లీ వచ్చి, మాట ఎందుకు మార్చారని అడిగాడు.

“ఈ మూడేళ్లలో మా అమ్మాయికి పులుపిచ్చినోడు ఆయనొక్కడే కదండీ,” అంది వరహాలమ్మ, ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

రత్నానికి ఆడపిల్ల పుట్టింది. చెవులు శుభ్రంగా ఉన్నాయి. బాలింతకు తొలి ముద్ద చప్పటి చింతకాయతోనే పెట్టారు. రత్నం వంక పెట్టకుండా తిన్నది.

పిల్లకు మూడో నెల నడుస్తుండగా, వచ్చే ఆదివారం నుంచి కారం సేకరిస్తారని ఉత్తర్వు వచ్చింది. డప్పులతో తాతారావు వీధిలోకి వచ్చేసరికి వరహాలమ్మ జాడీ అప్పటికే అరుగు మీద ఉంది, పసుపు రాసి, బొట్టు పెట్టి. మిరపకాయల్ని నాలుగెండలు ఎండబెట్టి, ఒక్క పిసరు మాడేలా వేయించి కొట్టింది. రేపు రాజధానిలో ఎన్ని లక్షల జాడీల కారం కలిపినా, నాలుక మీద పడితే తనది తాను గుర్తుపట్టాలి కదా.

“పిన్నిగారండీ, ముందే చెబుతున్నాను,” అన్నాడు తాతారావు గొట్టం బిగిస్తూ. అతను మంచివాడు. “మళ్లీ చుక్క ఎప్పుడిస్తారని మధ్యలో అడక్కండి. ఎన్నికల ముందే. అదీ గర్భిణులకే.”

“తెలుసు బాబూ. అమ్మాయి రెండో కాన్పు ఆ ఏడాదికి అందేలా చూసుకోమని అల్లుడుగారితో చెప్పేను.”

తాతారావు సంతోషంగా తలూపి, ముందస్తు జాబితాలో నూకరత్నం పేరు రాసుకున్నాడు. లోపలి గదిలోంచి, పిల్లకు పాలిస్తున్న రత్నం గొంతు వినిపించింది.

“ఏ నెలో కూడా అడగవే అమ్మా.”