ముగ్గురు పడాల్సిన బస్సు

చిదంబరానికి చాలా ఏళ్లుగా ఒక సందేహం ఉంది. మొక్కు ఆలస్యమైతే తిరుపతి వెంకన్న వడ్డీతో సహా వసూలు చేస్తాడు. అందులో దాపరికమేమీ లేదు, ఆయన్ని వడ్డికాసులవాడనే పిలుస్తారు. మరి ఈ పద్ధతి ఒక్క వెంకన్నదేనా, మిగతా దేవుళ్లకూ ఉందా? ముఖ్యంగా ఆంజనేయస్వామికి? నాచారంలో తెలిసిన పంతుళ్లందరినీ అడిగి చూశాడు. ఒకాయన నవ్వి ఊరుకున్నాడు. ఇంకొకాయన, "ముందు అసలు తీర్చండి" అన్నాడు.

అసలు ఒక్క కొబ్బరికాయ. కూతురు హరిత ఎంసెట్ గట్టెక్కితే, ఉప్పల్ రింగురోడ్డు పక్కనున్న చిన్న ఆంజనేయస్వామి గుడి ముందు కాయ కొడతానని మొక్కుకున్నాడు. హరిత గట్టెక్కింది, ఇంజనీరింగ్ పూర్తిచేసింది, ఉద్యోగం తెచ్చుకుంది, ఇప్పుడు తన కింద పనిచేసేవాళ్లను విసుక్కునే స్థాయికి కూడా చేరింది. కాయ మాత్రం అలాగే ఉండిపోయింది. మొదట మెట్రో పనులంటూ గుడి ముందు రేకులు అడ్డం పెట్టారు. రేకులు తీసేసరికి చిదంబరానికి మోకాళ్లు పట్టేశాయి. మోకాళ్లు వదిలేసరికి కొబ్బరికాయల ధర పెరిగింది.

ఆ శనివారం పొద్దున మాత్రం ఆయన గట్టిగా నిశ్చయించుకున్నాడు. స్నానం, పూజ ముగించి, చలవ పంచె కట్టుకుని, గుడ్డసంచీ చేతబట్టుకుని, "సుబ్బులూ, ఉప్మాకి ఉల్లిపాయలు తరిగి ఉంచు, కాయ కొట్టేసి వచ్చేస్తా" అని భార్యకు చెప్పి గుమ్మం వైపు నడిచాడు. దారిలో హరిత గది తలుపు ఓరగా తీసి ఉంది. లోపల కంప్యూటర్‌లోంచి ఒక ఆడగొంతు వినిపిస్తోంది.

"హరితా, గిట్లయితే కష్టం. నీ బస్ ఫ్యాక్టర్ ఒకటే ఉన్నది."

"తెలుసక్కా."

"రేపు నువ్వు బస్సు కింద పడ్డవనుకో, కథ ఖతం. ఫౌండేషనోళ్లు ఒప్పుకోరు. బస్సు కింద పడేటోళ్లు కనీసం ముగ్గురుండాలె."

"ముగ్గురిని ఇప్పటికిప్పుడు ఎక్కడ తేవాలి ప్రజ్ఞక్కా? రిషి, సిరి ఉన్నారు గానీ, వాళ్లు నోరు విప్పరు."

"పదకొండింటికి మీటింగ్. ఏదో ఒకటి జెయ్యి. లేకుంటే సీదా అటకెక్కిస్తరు."

ఇందులో భయపడాల్సింది ఏమీ లేదు. హరిత, ఇంకో ఇద్దరు కుర్రకారు కలిసి ఖాళీ వేళల్లో 'తిథి' అని ఒక పంచాంగం సాఫ్ట్‌వేర్ రాశారు. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, తప్పుంటే ఎవరైనా దిద్దవచ్చు. భజన మండలిలాంటి వ్యవహారం, పాడేవాళ్లు ఉంటారు గానీ జీతాలు ఉండవు. ఇలాంటి చిన్న మండళ్లను తన నీడన చేర్చుకునే ఒక పెద్ద ఫౌండేషన్ ఉంది. అందులో చేరేదాకా చెయ్యిపట్టి నడిపించే మెంటర్ ప్రజ్ఞ, ఉండేది హబ్సిగూడలో. ఇక బస్ ఫ్యాక్టర్ అంటే సాఫ్ట్‌వేర్ వాళ్ల మోటు హాస్యం. జట్టులో ఎంతమంది బస్సు కింద పడితే పని ఆగిపోతుందో, ఆ లెక్క. హరిత ఒక్కతి పడితే చాలు, 'తిథి' ఆగిపోతుంది. ఆమె లేకపోయినా నడుస్తుందని చూపించలేకపోతే ఫౌండేషన్ తలుపు తెరవదు.

ఇదంతా చిదంబరానికి ఎవరూ విడమరిచి చెప్పలేదు. ఆయన చెవిన పడ్డవి కూతురు, బస్సు, ఫౌండేషన్, ముగ్గురు. ఫౌండేషన్ అంటే పునాది. ఆయన చిన్నప్పుడు గోదావరి మీద వంతెన కడుతున్న రోజుల్లో, పునాదికి బలి కావాలట అని ఊరంతా పుకారు పుట్టి, నెల రోజులు పిల్లల్ని గడప దాటనివ్వలేదు. తలుపు తోసి, "అమ్మా హరితా, ఏదో అంటున్నారు..." అన్నాడు.

"నాన్నా, ప్లీజ్! ఇవాళ నా చావో రేవో తేలిపోతుంది. తర్వాత మాట్లాడు" అని హరిత తలుపు వేసేసింది.

చిదంబరం వంటింట్లోకి వెళ్లి పీట మీద కూలబడ్డాడు. సంగతి విని సుబ్బులు ఉల్లిపాయ కోయడం ఆపింది.

"ఎవరండీ ఈ ప్రజ్ఞ? జాతకాలు చూసే ఆవిడా?"

"మెంటరట."

"మెంటలా?"

"మెంటరే! చిన్న చిన్న వాళ్లను చెయ్యిపట్టి తీసుకెళ్లి పెద్ద ఫౌండేషన్‌లో చేరుస్తుందని అమ్మాయే ఒకసారి చెప్పింది."

"చేర్చడమంటే? కాంక్రీటులోనా?"

సుబ్బులు కళ్లు తుడుచుకుంది. అందులో ఉల్లిపాయ వంతు ఎంతో ఆవిడకే తెలియదు. లేచి వెళ్లి హరిత చెప్పులు, స్కూటీ తాళంచెవి తెచ్చి బియ్యం డబ్బాలో దాచింది. "ఇది ఇల్లు కదలకుండా చూశాను. గండానికి విరుగుడు మీరు చూడండి."

బస్సు గండానికి విరుగుడు బస్సు నడిపేవాడికి తెలియాలి. కింది వాటాలో ఉండే పోశయ్య సిటీ బస్సు డ్రైవరు. ఆ వేళకు అతని బస్సు రింగురోడ్డు దగ్గర, సరిగ్గా ఆంజనేయస్వామి గుడి ఎదుట, తిరుగు ట్రిప్పు కోసం ఆగి ఉంటుంది. మొగుడూపెళ్లాలిద్దరూ ఆటోలో బయలుదేరారు. దారిలో బస్సు కనిపించినప్పుడల్లా సుబ్బులు ఆటోను పక్కకు ఆపించింది. ఉప్పల్ చేరేసరికి ఆటోవాడు వాళ్లకు దండం పెట్టాడు.

పోశయ్య టీ తాగుతూ అంతా విన్నాడు. ముందు అతనికి రోషం వచ్చింది.

"ఏంది సార్ మీరు మాట్లాడేది! నా బస్సు కింద ఇయ్యాల్టి దాంక కోడిపిల్ల గూడ పడలే."

"నీ బస్సని కాదయ్యా. ఏదో ఒక బస్సు. ముగ్గురు కావాలట."

పోశయ్య గ్లాసు కింద పెట్టి ఆలోచించాడు. "ఫికర్ జెయ్యకున్రి సార్. కుజదోషమున్న పిల్లకు ముందుగాల అరటిచెట్టుతోని పెండ్లి జేస్తరు సూడు, గట్లనే జేద్దాం. ఆగిన బస్సు కిందకి మీరే పోయి జర సేపు పండుకోన్రి. పడ్డట్టే లెక్క. గండం గడిచిపోతది."

చిదంబరానికి ఇందులో శాస్త్రం కనిపించింది. అయినా అనుమానం తీరలేదు. "మేం కింద ఉండగా బండి కదిలితే?"

"గిదో తాళంచెవి. మీ జేబులనే పెట్టుకోన్రి."

మూడో మనిషి కావాలి. గుడి మెట్ల దగ్గర కొబ్బరికాయలు అమ్మే ఉప్పలయ్య అప్పటికే దగ్గరికొచ్చి చెవి పెట్టాడు.

"నేను పండుకుంట గని, ఒక మాట సార్. ఏండ్ల సంది నా కాయలు చేతిల పట్టుకుని ధర అడుగుతరు, ఊపి సూస్తరు, పెట్టేసి పోతరు. ఇయ్యాల ఒక్క కాయ కొనాలె."

చిదంబరం బేరమాడకుండా కాయ కొన్నాడు. జీవితంలో అదే మొదటిసారి. కాయను గుడ్డసంచీలో వేసుకుని, స్వామి వైపు చూసి, "ముందు పిల్ల గండం గడవనీ తండ్రీ, కాయ వెంటనే కొడతాను" అని బస్సు కిందకి దూరాడు. వెనకే కొంగు బిగించి సుబ్బులు, బీడీ ఆర్పేసి ఉప్పలయ్య. పంచె ఎక్కడో గ్రీజుకు ఆనింది. ముగ్గురూ వరసగా పడుకున్నారు. చిదంబరం హనుమాన్ చాలీసా అందుకున్నాడు.

బస్సులో ఎక్కి కూర్చున్నవాళ్లు కిందకి వంగి చూశారు. రోడ్డున పోయేవాళ్లు ఆగారు. ఒకడు ఫోను తీశాడు. "ధర్నా అట" అన్నారెవరో. దేనికని ఎవరూ అడగలేదు, ధర్నా అంటే ఏదో ఒక కారణం ఉండే ఉంటుంది కదా. కూరగాయల సంచీతో అటుగా పోతున్న తారామణి కూడా ఆగింది. ఆవిడ కాలనీ సంఘం కార్యదర్శి. మైకు లేకుండానే రెండు వీధులకు వినిపిస్తుంది.

"ఇంత వయసోళ్లు బస్సు కింద పండుకుంటే మనం సూసుకుంట నిలబడాల్నా? కూసోన్రి అందరు!"

"డిమాండ్ ఏంది మేడమ్?"

"ముందుగాల కూసో. డిమాండ్ తర్వాత జూద్దాం."

చూస్తుండగానే బస్సు చుట్టూ జనం కూర్చున్నారు. వెనక హారన్లు మొదలయ్యాయి. పోలీసు ఎస్సై వచ్చి, బండి తియ్యమని పోశయ్యను గద్దించాడు.

"తాళంచెవి బస్సు కింద ఉంది సార్."

"బస్సు కిందెందుకుంది?"

"పడుకున్నాయన జేబుల ఉంది సార్."

ఎస్సై వంగి చక్రాల మధ్యలోకి చూశాడు. "పెద్దాయనా, మీ డిమాండ్ ఏందో చెప్పి బయటికి రాన్రి."

చిదంబరం చాలీసా ఆపి అన్నాడు. "మాకేమీ వద్దు బాబూ. మా ఆడపిల్ల చల్లగా ఉంటే చాలు."

తారామణి ఒక్క క్షణం కూడా వృథా చేయలేదు. "విన్నరా? ఆడపిల్లలు చల్లగుండాలె! ఎండల నిలబడి సస్తున్నరు. బస్టాపుకు నీడ గావాలె!"

"గావాలె, గావాలె!" అన్నారు జనం. ఎస్సై రాసుకోవడం మొదలుపెట్టాడు.

అదే సమయానికి నాచారంలో ఇంట్లోనే హరిత కంప్యూటర్‌లో ఫౌండేషన్ పెద్దల ముందు కూర్చుని ఉంది. మీటింగ్ అప్పుడే మొదలైంది. రిషి, సిరి తెర మీద రెండు మూలల్లో ఎప్పటిలాగే మూగనోము పట్టి ఉన్నారు. హరిత నోరు తెరవబోతుండగా ఫోనులో కాలనీ వాట్సప్ గ్రూపు టింగుమంది. 'ఉప్పల్‌లో బస్సు కింద ముగ్గురు'. వీడియో తెరిచింది. చక్రం పక్కనుంచి రెండు పాదాలు కనిపిస్తున్నాయి. ఆ పగిలిన మడమలకు రోజూ రాత్రి తను పూసే మందు ఇంకా అంటుకుని ఉంది.

"రిషీ, నేను బస్సు దగ్గరికి పోతున్నా!" అని కేక పెట్టి ఉరికింది. చెప్పులు లేవు. స్కూటీ తాళం లేదు. బాత్రూము చెప్పులతో ఆటో ఎక్కింది.

"నాన్నా! అమ్మా!" అంటూ జనాన్ని తోసుకుని వచ్చేసరికి బస్సు కిందనుంచి రెండు గొంతులు ఒక్కసారి అరిచాయి.

"దగ్గరికి రాకే! బస్సుకు దూరంగా ఉండు!"

"అసలు మీరు అక్కడెందుకున్నారు?"

"నీ బదులు! ముగ్గురం పడ్డామమ్మా. ఆ ఫౌండేషన్ వాళ్లకు చెప్పు, లెక్క సరిపోయిందని" అన్నాడు చిదంబరం.

హరితకు విషయం అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. రోడ్డు మీద గొంతుక్కూర్చుని, బస్ ఫ్యాక్టర్ అంటే ఏమిటో చక్రాల మధ్యలోకి చెప్పింది.

"అంటే ఎవరూ పడక్కర్లేదా?" అంది సుబ్బులు.

"అక్కర్లేదమ్మా!"

"ఏవండీ, సోమవారం మీ చెవులు చూపిద్దాం."

ముగ్గురూ ఒక్కొక్కరే పాక్కుంటూ బయటికి వచ్చారు. తారామణికి ఇది నచ్చలేదు. "నీడ రాకముందే లేస్తే ఎట్ల?" అంది. నాలుగు రోజుల్లో ఏదో ఒకటి చేయిస్తానని ఎస్సై మాటిచ్చాక గానీ జనం కదలలేదు.

హరిత మాత్రం ఫుట్‌పాత్ మీద కూలబడింది. "మూడేళ్ల కష్టం నాన్నా. మీటింగ్ మధ్యలో లేచి వచ్చేశాను. అయిపోయింది. అటకెక్కించేస్తారు." తండ్రిని తిట్టడానికి కూడా ఓపిక లేదు. చిదంబరం గ్రీజు అంటిన పంచెతో పక్కన కూర్చున్నాడు. ఆమె కాళ్లనున్న బాత్రూము చెప్పుల వంక చూశాడు. అందులో ఒకటి తనది.

ఫోను మోగింది. ప్రజ్ఞ. హరిత కళ్లు మూసుకుని ఎత్తింది.

"హరితా, మస్తు ప్లాన్ జేసినవ్! నాకు ముందుగాల చెప్పొద్దా?"

"ఏం ప్లానక్కా?"

"హరిత బస్సు కాడికి పోయింది, ఇగ రాదు అని రిషి చెప్పిండు. ఫౌండేషనోళ్లందరు నవ్విన్రు, ఇది మనం కావాలని పెట్టిన పరీక్ష అనుకున్నరు. సరే, ఆమె లేదు గదా, ఇప్పుడెట్ల అని అడిగిన్రు. సిరి నోరు తెరిచింది సూడు, అధికమాసం లెక్క మొత్తం విడమరిచి చెప్పింది! రిషి అప్పటికప్పుడు ఒక తప్పు దిద్ది చూపిచ్చిండు. నువ్వు లేకున్నా బండి నడుస్తదని తేలిపోయింది. తీసుకున్నరు మిమ్మల్ని!"

హరిత లేచి గెంతింది, తల్లిని పట్టుకుని గిరగిరా తిప్పింది. తర్వాత ఎందుకో మొహం చిన్నబోయింది. "నేను లేకపోయినా నడిచిందా నాన్నా? అంత సులభంగా?"

"మీ తాతగారు పోయాక మన ఇంట్లో దీపం ఆగిందా అమ్మా?" అన్నాడు చిదంబరం. "ఆయనకు తెలిస్తే సంతోషించేవాడు. కాస్త అలిగేవాడు కూడా."

ఇంతలో పోశయ్య వచ్చి చెయ్యి చాచాడు. "సార్, తాళంచెవి. ట్రిప్పు ఎప్పుడో లేటయింది."

చిదంబరం తాళంచెవి ఇచ్చాడు. అప్పుడు గుర్తొచ్చింది, సంచీ బస్సు కిందే ఉండిపోయింది. "ఆగవయ్యా పోశయ్యా!" అనేలోపే ఇంజను గర్జించింది. సంచీలోంచి దొర్లిన కొబ్బరికాయ ముందుచక్రం కిందకి సరిగ్గా వెళ్లింది. టప్పుమంది. నీళ్లు చిమ్మి గుడి మెట్ల మీద పడ్డాయి. ఒక చిప్ప దొర్లుకుంటూ పోయి స్వామి ఎదుట వెల్లకిలా ఆగింది.

అందరూ నిలబడి చూశారు. ఉప్పలయ్య చేతులు జోడించాడు. "కొట్టినట్టే సార్. మంచిగ పలిగింది."

చిదంబరం లెంపలేసుకుని, అసలు తీరిందని అనుకుని, తృప్తిగా ఇంటికి పోయి చల్లారిన ఉప్మా తిన్నాడు. పంచెకంటిన గ్రీజు మరక మాత్రం సుబ్బులు ఎన్నిసార్లు ఉతికినా వదలకపోయేసరికి, ఆంజనేయస్వామి దగ్గర కూడా వడ్డీ ఉందని తేల్చుకున్నాడు.